గోడలో ఖాళీ దారి

పటాన్‌చెరు మండలంలో లక్డారం అనగానే ముందు గుర్తొచ్చేవి క్రషర్లు. గుట్టల్లో పేల్చిన బండ ఇక్కడ కంకరవుతుంది, రాతి ఇసుకవుతుంది, టిప్పర్లెక్కి హైదరాబాదు వైపు వెళ్ళి స్లాబులూ గోడలూ అవుతుంది. అలా కట్టిన గోడలో మేకు దిగడమే కష్టం. అందులోంచి చిటికెన వేలంత లావు కూడా లేని కేబులును ఒక గదినుంచి ఇంకో గదికి తీసుకుపోవాలంటే, ఇల్లు కట్టినవాడు ముందే దారి వదిలి ఉండాలి. లేకపోతే కట్టర్ పెట్టి గాడి కొట్టాలి, ఇల్లంతా దుమ్ము చేసుకోవాలి, మళ్ళీ సిమెంటు పూసి రంగు వెయ్యాలి.

ఇంటర్నెట్టుకూ సీసీ కెమెరాకూ గేటు దగ్గరి కాలింగ్ బెల్లుకూ వాడే ఈ తక్కువ వోల్టేజి తీగ వెనక దాదాపు రెండు వందల ఏళ్ళ కథ ఉంది. ఆ కథలో తీగ గురించి చెప్పుకున్నంతగా తీగ పోయే దారి గురించి చెప్పుకోం. నా లెక్కలో మాత్రం గోడలో వదిలిన ఖాళీ గొట్టం, తీగకు ఏమాత్రం తీసిపోని ఆవిష్కరణ. పక్కా గోడలు కట్టుకునే మన ఊళ్ళలో అయితే దానిదే మొదటి పీట.

1831 ప్రాంతంలో అమెరికాలోని అల్బనీ అకాడమీలో జోసెఫ్ హెన్రీ అనే పంతులుగారు ఒక గది గోడల చుట్టూ మైలుకు పైగా పొడవున్న తీగ తిప్పారు. ఒక కొసన బ్యాటరీ, రెండో కొసన విద్యుదయస్కాంతం. బ్యాటరీ కలిపితే అయస్కాంతం చిన్న ఉక్కు కడ్డీని కదిలించేది, ఆ కడ్డీ వెళ్ళి గంటను కొట్టేది. విద్యుత్తుతో దూరానికి కబురు పంపవచ్చని పిల్లలకు చూపించడానికి చేసిన ఏర్పాటది. గోడవెంట నడిచిన తక్కువ వోల్టేజి తీగకు ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు తెలియదు. టెలిగ్రాఫు రాలేదు, టెలిఫోను ఊహలో కూడా లేదు, బల్బు పుట్టడానికి ఇంకా అర్ధశతాబ్దం ఉంది. ఇంటి గోడమీదకు ముందు చేరింది దీపం తీగ కాదు, గంట తీగ.

1866లో ఫ్రెంచి ఇంజనీరు లెక్లాంషే తయారు చేసిన విద్యుత్ ఘటం వచ్చాక ఆ గంట మామూలు ఇళ్ళలోకి వచ్చింది. అప్పుడప్పుడూ కాసేపు మాత్రమే కరెంటు అడిగే పనికి ఆ ఘటం సరిగ్గా సరిపోయింది. గాజు జాడీలో ద్రావణం పోసి మూల పెడితే నెలల తరబడి పనిచేసేది. గంట తీగకు నూలు చుట్టి మైనం పట్టించేవాళ్ళు. కొన్ని వోల్టులే కాబట్టి ముట్టుకున్నా ప్రమాదం లేదు. తలుపు చట్రం పక్కనుంచి, సున్నం పూత కిందనుంచి, ఎక్కడ సందు దొరికితే అక్కడనుంచి లాగేవాళ్ళు. భయం లేని తీగ కావడంతో దాని దారి గురించి ఎవరూ బుర్ర పెట్టలేదు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. దీపాల వైరింగుకు పద్ధతిగా డ్రాయింగు గీయించే ఇంటివాళ్ళు కూడా నెట్టు కేబులు దగ్గరికి వచ్చేసరికి 'తర్వాత చూద్దాంలే' అంటారు.

తీగకు తొడుగు దొరకడం ఇంకో కథ. హెన్రీ తన చుట్లకు పట్టుగుడ్డ చుట్టారు. 1843లో మలయా ప్రాంతపు చెట్లనుంచి వచ్చే గట్టాపర్చా అనే జిగురు నమూనాలు లండన్ చేరాయి. వేడిచేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడి, నీళ్ళలో చెడకుండా ఉండే పదార్థం అది. 1847లో వెర్నర్ సీమెన్స్ దాన్ని అతుకు లేకుండా తీగ చుట్టూ వత్తే యంత్రం చేశారు. సముద్రాల కింద టెలిగ్రాఫు కేబుళ్ళు పడింది ఆ తొడుగుతోనే. తర్వాత రబ్బరు వచ్చింది. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ రసాయనవేత్త వాల్డో సెమన్, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ పీవీసీని కొన్ని ద్రావకాల్లో మరగబెడితే మెత్తగా సాగే పదార్థం చేతికొచ్చింది. ఈరోజు సంగారెడ్డి ఎలక్ట్రికల్ షాపులో దొరికే వైరుచుట్ట తొడుగూ, ఆ వైరు దూరే గొట్టమూ రెండూ పీవీసీయే. మెత్తబరిచే నూనెలు కలిపితే తొడుగు, కలపకపోతే గొట్టం.

ఇక అసలు మెలిక. ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

తొలినాళ్ళ టెలిఫోనుకు ఒకే తీగ. తిరుగు దారి భూమి. ఇంటికో ఇనుప కడ్డీ భూమిలో దిగ్గొడితే ఖర్చు సగం తగ్గేది. కానీ ఊళ్ళో అందరి ఫోన్లకూ తిరుగు దారి ఆ ఒక్క భూమే కావడంతో, స్తంభాలమీద తీగలన్నీ పక్కపక్కనే సాగడంతో, ఒకరి మాటలు ఇంకొకరి చెవిలో పడేవి. టెలిగ్రాఫు టకటకలు మధ్యలో దూరేవి. 1888లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో కరెంటు ట్రాములు పెద్దఎత్తున మొదలయ్యాక పరిస్థితి ఇంకా విషమించింది. ట్రాము కూడా పట్టాల ద్వారా భూమినే తిరుగు దారిగా వాడుకునేది మరి. ట్రాము కదిలితే ఫోనులో గుర్రుమనే మోత.

దీనికి మందు అప్పటికే కాగితంమీద ఉంది. టెలిఫోను పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఇంకో పేటెంటు తీసుకున్నారు. ఒక తీగ కాదు, రెండు తీగలు వెయ్యండి, ఆ రెండింటినీ ఒకదానికొకటి మెలితిప్పండి అన్నది దాని సారాంశం. ఎందుకు మెలితిప్పాలి? పక్కన పోతున్న వేరే తీగ తన ప్రభావాన్ని రెండు తీగలమీదా చూపిస్తుంది. దగ్గరి తీగమీద ఎక్కువ, దూరపు తీగమీద తక్కువ. పక్కనుంచి కొట్టే ఎండలో ఇద్దరు నడుస్తూ మాటిమాటికీ చోటు మార్చుకుంటే ఇద్దరికీ ఎండ సమానంగా తగిలినట్టు, మెలిక ఉంటే రెండు తీగలకూ మోత సమానంగా అంటుకుంటుంది. అవతలి కొసన ఉన్న పరికరం రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. సమానమైన మోత తీసివేతలో పోతుంది, మాట మిగులుతుంది. కవచం లేదు, అదనపు యంత్రం లేదు, పైసా ఖర్చయ్యే కొత్త పదార్థమూ లేదు. చేతితో తిప్పిన మెలికే పని చేసింది. ఇంత తక్కువతో ఇంత సాధించిన ఆలోచనలు విద్యుత్ చరిత్రలో వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. జాన్ కార్టీ వంటి ఇంజనీర్లు పట్టుబట్టి రెండు తీగల పద్ధతిని నిలబెట్టాక టెలిఫోను వినదగ్గ సాధనమైంది.

ఈ మెలికను కళ్ళారా చూడాలంటే ఇంటర్నెట్టుకు వాడే క్యాట్ సిక్స్ కేబులు ముక్క ఒకటి తీసుకుని పైతొడుగు నాలుగు వేళ్ళ పొడవున ఒలవండి. లోపల నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఒక్కో జతలో రంగు తీగ ఒకటి, అదే రంగు చార ఉన్న తెల్ల తీగ ఒకటి. నాలుగింటినీ పక్కపక్కన పరిచి చూస్తే మెలికలు ఒకేలా ఉండవు. ఒక జత బిగువుగా, ఇంకో జత కాస్త వదులుగా ఉంటుంది. అందరూ ఒకే లయలో చోటు మారితే పక్క జతల మధ్య మోత మళ్ళీ పేరుకుంటుంది కాబట్టి కావాలనే లయ మార్చారు. ప్లగ్గు బిగించేటప్పుడు కూడా ఆ మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. తీరిగ్గా పని చేసుకోవచ్చని రెండంగుళాలు విప్పి వదిలేసే చేతులు చాలా ఉన్నాయి. నెట్టు డబ్బామీద బల్బు వెలిగిందా లేదా చూసి వెళ్ళిపోతారు. తర్వాత వేగం ఎందుకు రావడం లేదో ఆ ఇంటివాళ్ళకు అర్థం కాదు.

ఇప్పుడు గొట్టం సంగతి. ఎడిసన్ చుట్టూ పనిచేసిన ఇద్దరు మనుషులు ఇందులో కనిపిస్తారు: ఎడ్వర్డ్ జాన్సన్, సిగ్మండ్ బెర్గ్‌మన్. జాన్సన్ 1882లో తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు కరెంటు దీపాలు పెట్టి పేరు తెచ్చుకున్నాయన. బెర్గ్‌మన్ జర్మనీ నుంచి వలసవచ్చిన పనిమంతుడు, న్యూయార్కులో వర్క్‌షాపు పెట్టి బల్బు హోల్డర్లూ ఫ్యూజులూ చేసి ఎడిసన్‌కు ఇచ్చేవాడు. ఇద్దరూ ఎడిసన్‌తో కలిసి ఒకే కంపెనీలో భాగస్వాములు. అప్పట్లో ఇంటి వైరింగంటే తీగలను చెక్కపట్టీల్లో దాచడం, పింగాణీ గుబ్బలమీద లాగడం, లేదా నేరుగా సున్నంలో పూడ్చేయడం. పూడ్చిన తీగ తొడుగు చెడితే గోడ పగలగొట్టడం తప్ప దారి లేదు.

1890 ప్రాంతంలో జాన్సన్ కంపెనీ తారు పట్టించిన కాగితపు గొట్టాలు అమ్మడం మొదలుపెట్టింది. బెర్గ్‌మన్ బెర్లిన్ తిరిగి వెళ్ళి అలాంటి గొట్టాలకే పల్చటి లోహపు తొడుగు వేసి యూరపంతా నింపాడు. జర్మన్ ఎలక్ట్రీషియన్లు వాటిని ఆయన పేరుతోనే పిలిచేవాళ్ళు. తీగను గోడకు అప్పగించడం మానేసి గొట్టానికి అప్పగించడమే ఇక్కడి ఆలోచన. ముందు గొట్టం పడుతుంది, గోడ పూత పూర్తవుతుంది, ఆ తర్వాతే తీగ లాగుతారు. పదేళ్ళకు తీగ పాడైతే గోడ ముట్టుకోకుండా దాన్ని బయటికి లాగి కొత్తది దూరుస్తారు. ఇల్లు నూరేళ్ళుంటుంది, తీగ ఉండదు. రెండింటి ఆయుష్షునూ విడదీసినవాళ్ళు వీళ్ళు. రాబోయే తీగ ఎలా ఉంటుందో తెలియకుండానే దానికి చోటు పెట్టారు.

అమెరికాలో ఇల్లు మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ ఎక్కువ ఇళ్ళకు చెక్క చట్రం, దానికి రెండు వైపులా జిప్సం పలకలు. గోడ లోపల బోలు. రంధ్రం చేసి పైనుంచి తీగ జారవిడిస్తే కింద పట్టుకోవచ్చు. ఇటుకా సిమెంటూ కాంక్రీటుతో నిండిన మన గోడకు ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర పాత ఇళ్ళలో రాతిగోడలూ మట్టిగోడలూ ఉండేవి. వాటికి కరెంటు వచ్చినప్పుడు గోడలో చెక్కముక్కలు దిగ్గొట్టి, వాటిమీద టేకు పట్టీ బిగించి, పట్టీమీద వైరు పరిచి సన్నని రేకు క్లిప్పులతో అదిమేవాళ్ళు. ఓపెన్ వైరింగన్నమాట. ఫోను వచ్చిన ఇంట్లో స్తంభంనుంచి నల్ల తీగ ఒకటి కిటికీ మూలనుంచి లోపలికి దిగి హాల్లో బల్లమీద ఆగిపోయేది. అదీ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే. రోడ్డు కింద నడిచే ఫోను కేబుళ్ళు తయారు చేసిన ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ కేబుల్స్ 1952లో పశ్చిమ బెంగాల్ రూప్‌నారాయణ్‌పూర్‌లో మొదలై తర్వాత హైదరాబాదులోనూ ఫ్యాక్టరీ పెట్టింది. నీళ్ళు దిగకుండా లోపల జెల్లీ నింపిన కేబుల్లో వందల మెలిక జతలు ఉండేవి. కేబులు అతికే లైన్‌మన్ల చేతులకు ఆ జెల్లీ జిడ్డు వదిలేది కాదు. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. మన ఊళ్ళ రోడ్ల కిందికి బెల్ మెలికను చేర్చిన సంస్థను కొన్ని వాక్యాల ప్రకటనతో సాగనంపడం నాకు బాధగా అనిపిస్తుంది.

1990లలో కేబుల్ టీవీ వచ్చింది. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యేనాటికి కాలనీల్లో డాబాలమీదుగా నల్ల కేబుళ్ళు ఇంటినుంచి ఇంటికి ఊగేవి. లోపలికి రావడానికి కిటికీ దోమతెర కోసేవాళ్ళు, లేదా తలుపు పైన రంధ్రం చేసేవాళ్ళు. ఆ తర్వాత నెట్టు తీగ కూడా అదే డాబా, అదే కిటికీ పట్టుకుంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ఫోను తీగమీదనే వచ్చింది. అప్పటికే మన మేస్త్రీలు దీపాల వైరును గోడలో దాచే కన్సీల్డ్ వైరింగుకు అలవాటుపడ్డారు కానీ ఈ సన్నతీగను లెక్కలోకి తీసుకోలేదు.

ఫోను తీగమీద కంప్యూటర్లు మాట్లాడటం కూడా చిన్న సంగతి కాదు. 1973లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలుపెట్టిన ఈథర్‌నెట్ లావుపాటి కేబుల్‌మీద నడిచేది. దాన్ని మలుపు తిప్పడమే కష్టం. అమెరికా ఆఫీసుల్లో ప్రతి బల్లకూ టెలిఫోను జతలు ముందే వేసి ఉన్నాయి, కొన్ని ఖాళీగా కూడా ఉన్నాయి. వాటినే వాడితే? 1980లలో ఏటీ అండ్ టీ పద్ధతి సెకనుకు పది లక్షల బిట్లు నడిపింది. 1987లో సినాప్టిక్స్ అనే చిన్న కంపెనీ కోటి బిట్లు నడిపి చూపింది. 1990లో అది ప్రమాణమైంది, 1999లో నాలుగు మెలిక జతలమీద వంద కోట్ల బిట్లకు ప్రమాణం వచ్చింది. టెలిఫోను వారసత్వం ప్లగ్గులో ఇంకా కనిపిస్తుంది. ఎనిమిది పిన్నుల్లో నట్టనడుమ 4, 5 నీలం జతకు. ఫోను తీగ ఎప్పుడూ నడుమనే ఉండేది కాబట్టి దాన్ని కదపలేదు. అందుకే ఆకుపచ్చ జత విడిపోయి నీలానికి అటొకటి ఇటొకటిగా 3, 6 పిన్నుల్లో కూర్చుంటుంది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళు తడబడేది అక్కడే.

ఇప్పుడు లక్డారం, రుద్రారం, ఇస్నాపూర్ వైపు కొత్త ఇళ్ళు లేస్తున్న చోట ఈ కథంతా ఒకే గోడలో కలుస్తుంది. స్లాబు పోసేముందు ఇనుప ఊచల మధ్య పీవీసీ గొట్టాలు పరిచి, ఫ్యాన్ బాక్సులు కట్టి, నోళ్ళకు కాగితం కుక్కుతారు. గోడకు గాడి కొట్టి గొట్టం దించి, పైన కోడిజాలీ మేకులతో బిగించి పూత పూస్తారు. జాలీ లేకపోతే గాడి పొడవునా పగులు తేలుతుంది. పూత ఆరాక, పుట్టీ అయ్యాక, కేబులు లాగే రోజు వస్తుంది. ముందు గొట్టంలోకి పొడవాటి స్ప్రింగు తోస్తారు. ఒకతను ఇటు తోస్తుంటే ఇంకొకతను అవతలి బాక్సు దగ్గర చెవి పెట్టి వింటాడు.

"అన్నా, స్ప్రింగు పోతలేదు. బెండు కాడ సిమెంటు పాలు దిగినట్టున్నయ్."

"జోరుగ తొయ్యకు. ఎనక్కి గుంజి తిప్పి తొయ్యి."

స్ప్రింగు కొస కనిపించగానే దానికి కేబులు కట్టి, టేపు చుట్టి, కాస్త పౌడరు రాసి లాగుతారు. ఇక్కడే ఒడుపు కావాలి. ఈ కేబులు తట్టుకునే లాగుడు 110 న్యూటన్లు, అంటే పదకొండు కిలోల బరువు వేలాడినంత. అంతకు మించి గుంజితే తొడుగు తెగదు, బయటికి ఏమీ కనిపించదు, కానీ లోపల మెలికలు సాగిపోతాయి. మలుపు కూడా కేబులు లావుకు నాలుగింతల వ్యాసార్ధం కన్నా బిగువుగా ఉండకూడదు. దీపాల వైర్లున్న గొట్టంలో దీన్ని దూర్చకూడదు. మోత కన్నా ముఖ్యమైన కారణం, తొడుగు చెడితే 230 వోల్టులు నెట్టు డబ్బాలోకి, దాన్ని ముట్టుకున్న చేతిలోకి వస్తాయి.

ఇంకో మోసం ఉంది. అల్యూమినియం తీగకు రాగి పూత పూసి రాగి కేబులు ధరకు అటూ ఇటూగా అమ్ముతారు. కొనేముందు చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. కెమెరాలకు అదే కేబుల్లోంచి కరెంటు కూడా పంపే పద్ధతిలో ఇలాంటి తీగ వేడెక్కుతుంది. ఈ పద్ధతి 2003లో 15 వాట్లతో ప్రమాణమైంది, 2018 నాటికి 90 వాట్లకు చేరింది. వోల్టేజి మాత్రం 50కి అటూ ఇటూనే. టెలిఫోను ఎక్స్‌చేంజి బ్యాటరీలు 48 వోల్టులు పంపేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది అందుకే. ఆ పాత సౌకర్యమే ఇప్పుడు కెమెరా రూపంలో తిరిగొచ్చింది. కింద ఒక్క స్విచ్చు డబ్బాకు బ్యాటరీ ఉంటే నాలుగు మూలల కెమెరాలూ చీకట్లో పనిచేస్తాయి.

వైఫై ఉండగా ఇవన్నీ ఎందుకన్న మాట తరచూ వినిపిస్తుంది. పలచటి జిప్సం గోడ దాటే రేడియో తరంగం ఇటుక గోడ దగ్గర నీరసిస్తుంది, ఊచలున్న కాంక్రీటు స్లాబు దగ్గర ఇంకా నీరసిస్తుంది. 2020లో ఆఫీసూ బడీ ఇంటికొచ్చినప్పుడు పై అంతస్తు గదుల్లో కూర్చున్నవాళ్ళందరికీ అది తెలిసొచ్చింది. పైగదికి ఒక కేబులు పంపి అక్కడ ఇంకో వైఫై డబ్బా పెడితే తీరే ఇబ్బంది అది. గొట్టం ఉన్న ఇంట్లో అది ఒక పూట పని. లేని ఇంట్లో మళ్ళీ కిటికీ, మళ్ళీ దోమతెర.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు స్లాబు ముందురోజు మేస్త్రీతోనూ ఎలక్ట్రీషియన్‌తోనూ కలిసి పైకెక్కాలి. ఇంటి ముందు స్తంభం వైపునుంచి లోపలికి ఒక గొట్టం, అక్కడినుంచి ప్రతి గదికీ గేటుకూ విడివిడిగా ఒక్కోటి, అన్నీ వచ్చి కలిసే చోట ఒక పెద్ద బాక్సు, దాని పక్కన ప్లగ్గు పాయింటు. 20 మిల్లీమీటర్ల గొట్టంలో ఒక కేబులు సులువుగా పోతుంది. 25 మిల్లీమీటర్లది వేస్తే రెండోదానికీ, రేపు దాని పక్కన దూర్చాల్సిన ఫైబరుకూ చోటుంటుంది. గొట్టానికి గొట్టానికి మధ్య ధరలో తేడా కొద్ది రూపాయలే. కేబులు లాగిన తర్వాత ఒక నైలాన్ దారం లోపల వదిలెయ్యమని అడగండి. తర్వాత వచ్చే కుర్రాడికి స్ప్రింగుతో పని ఉండదు.